అడవి పండ్లు, అంగడి పొడులు: మీ సందేహాలకు సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెనుకొండ, హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్లవి. దాదాపు అన్నీ పండ్ల గురించే. వర్షారణ్యాల పండ్లంటూ ఫోన్‌లో కనిపించే పొడులూ మాత్రలూ ఒకవైపు, కొండ మీదా గట్టు మీదా కాసే నేరేడు, ఉసిరి, చింత మరోవైపు. ఏడాది మొత్తం కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే నేల మనది. ఇక్కడ వర్షారణ్యం లేదు. కానీ ఆ అడవుల పండ్లలో ఏ పదార్థాలను గొప్పగా చెప్పి అమ్ముతున్నారో, అవి మన చెట్లకు కొత్తవి కావు. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.

మాది ఎర్రమంచి. కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాను. రాత్రి షిఫ్టు వారాల్లో ఒళ్లంతా నీరసం. అమెజాన్ అడవుల అసాయీ పండ్ల పొడి తాగితే తగ్గుతుందని, అంత బలం ఇంకే పండులోనూ లేదని రూములో వాళ్లు తెప్పించుకుంటున్నారు. నేనూ కొనాలా?
(ఒక యువ కార్మికుడు)

వద్దు. ఆ డబ్బుతో ముందు హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకోండి. షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర చెడిపోవడం, రాత్రి రెండు గంటలకు టీ బిస్కెట్లతో సరిపెట్టుకోవడం, పగలు తిండి మాని పడుకోవడం, ఈ మూడూ ఉన్నవాళ్లకు ఏ పొడీ బలం ఇవ్వదు.

అసాయీ చెడ్డ పండని కాదు. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో నదుల ఒడ్డున పెరిగే ఒక తాటిజాతి చెట్టు పండు అది. అక్కడివాళ్లకు రోజూ తినే తిండి. గుజ్జు తీసి, చేపలతోనో కర్రపెండలం పిండితోనో కలిపి తింటారు. ఊదారంగు పండు. ఆ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. పొడి డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు అంటే ప్రధానంగా అవే. మన నేరేడు పండు తింటే నాలుకకు అంటుకునే రంగు కూడా ఆంథోసయనిన్లదే. అసాయీలో సయనిడిన్ రకం ఎక్కువ, నేరేడులో డెల్ఫినిడిన్, పెటునిడిన్, మాల్విడిన్ రకాలు ఎక్కువ. రసాయనంగా అన్నీ ఒకే కుటుంబం. వీటిలో ఒకటి మనిషికి మేలని, ఇంకొకటి కాదని చూపిన రుజువేదీ లేదు.

«ప్రపంచంలోనే నంబర్ వన్» అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియాలి. పండు రసం గాజుగొట్టంలో ఆక్సీకరణాన్ని ఎంత ఆపుతుందో కొలిచే ఓరాక్ అనే పరీక్ష ఒకటుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఆ లెక్కలతో ఒక పట్టిక పెట్టింది. అమ్మకందార్లు దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుకోవడం, గాజుగొట్టంలో జరిగినదే ఒంట్లోనూ జరుగుతుందనడానికి ఆధారం లేకపోవడం చూసి 2012లో ఆ శాఖే పట్టికను తీసేసింది. అయినా ఆ అంకెలు నేటికీ డబ్బాల మీద బతుకుతున్నాయి. అసలు మనం తిన్న ఆంథోసయనిన్లలో నేరుగా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిగిలినదాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొడతాయి. వాటికి పీచుతో సహా పండు అందడం మంచిది. వడగట్టి ఎండబెట్టిన పొడిలో ఆ పీచు ఎంత మిగిలిందో డబ్బా చెప్పదు.

మీకు దొరికేదే తినండి. జూన్, జులైలలో నేరేడు వస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా దిగే కాయ, తొడిమ దగ్గర కూడా ఎర్రదనం లేకుండా నల్లగా మాగిన కాయ ఏరుకోండి. రంగంతా తోలులోనూ దాని కిందా ఉంటుంది కాబట్టి తోలు తీయొద్దు. నోరు పట్టేసే వగరు టానిన్లది. కాస్త ఉప్పు చల్లి గిన్నెలో కుదిపితే తగ్గుతుంది.

ఇదే ఉత్తరంలో విటమిన్ సి కోసం «కాము కాము» పొడి సంగతి కూడా అడిగారు. అదీ అమెజాన్ నదీతీరాల పండే. 100 గ్రాముల గుజ్జులో దాదాపు 2 గ్రాముల విటమిన్ సి ఉంటుంది, అది నిజమే. కానీ మనిషికి రోజుకు కావలసింది ఎంత? భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో ఉసిరికి 100 గ్రాములకు 252 మి.గ్రా. ఉంది. పాత పట్టికల్లో 600 అని ఉండేది. రకం, కోసిన కాలం, కొలిచే పద్ధతి మారితే అంకె మారుతుంది. తక్కువ అంకెనే తీసుకుందాం. ఒక మోస్తరు కాయలో 30 గ్రాముల గుజ్జు ఉన్నా 75 మి.గ్రా. వస్తుంది. రోజు దాదాపు గడిచిపోయింది. అంతకు మించి ఎంత తిన్నా ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. జామ పండు కూడా దగ్గర దగ్గర అంతే ఇస్తుంది, 100 గ్రాములకు 200 మి.గ్రా. పైమాటే.

ధర్మవరంలో మగ్గం నేస్తాను. పదేళ్లుగా షుగరు. నేరేడు గింజల పొడి వాడితే మాత్రలు మానేయొచ్చని ఒకరు, పచ్చి పనసకాయ పిండి వాడితే షుగరు పోతుందని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నమ్మాలి?
(ఒక నేతకారుడు)

మాత్రలు మానేయమన్న మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి గంటల తరబడి కూర్చునే పని మీది. కాలికి దెబ్బ తగిలినా తెలియని స్థితి వస్తే ఆ నష్టం ఏ పొడితోనూ తిరిగి రాదు.

నేరేడు గింజల్లో ఎల్లాజిక్ ఆమ్లం, జంబోలిన్ లాంటివి ఉన్నాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైముల వేగాన్ని అవి తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. కానీ ఆ పరిశోధనల్లో చాలావరకు ఎలుకల మీద చేసినవి. మనుషుల మీద చేసినవి చిన్నవి, కొద్ది వారాలవి. గింజల పొడి వాడాలనే ఉంటే మీ డాక్టరుకు చెప్పి, మాత్రలతో పాటే వాడండి. రెండూ కలిసి షుగరు మరీ పడిపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి.

పనస పిండి సంగతి వేరు. దాని మీద ఒక పద్ధతైన పరీక్ష మన రాష్ట్రంలోనే, శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో జరిగింది. ఫలితం 2021లో అచ్చయింది. షుగరున్న 40 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రోజుకు 30 గ్రాముల పచ్చి పనసకాయ పిండి, ఇంకో జట్టుకు అలాగే కనిపించే మామూలు పిండి, అన్నం గోధుమల్లో అంత భాగానికి బదులుగా 12 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో రోగులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ పనస జట్టులో 0.25 శాతం పాయింట్లు తగ్గింది, రెండో జట్టులో తగ్గలేదు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఫలితం నిజం, మంచిదే. కానీ చిన్నది. 8 ఉన్నవాళ్లకు 7.75 అయిందన్నమాట. వాళ్లంతా తమ మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. ఆ పిండి తయారుచేసే సంస్థ వ్యక్తి కూడా పత్రం రాసినవారిలో ఒకరు కాబట్టి, సంబంధం లేనివాళ్లు పెద్దఎత్తున మళ్లీ చేసి చూడాల్సిన అవసరం ఉంది. పచ్చికాయలో పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. అదే కాయ మాగితే లెక్క తలకిందులవుతుంది. తియ్యటి తొనలు నాలుగు తిని «పనస షుగరుకు మంచిది» అనుకుంటే పొరపాటు. పచ్చి పనస కూర వండుకుని అన్నం తగ్గించడం పిండి కొనడం కంటే చవక.

హిందూపురంలో తుమకూరు వైపు నుంచి వచ్చిన పనసపండు కొన్నాం. తొనలు ఎర్రగా, రాగి రంగులో ఉన్నాయి. రంగు ఎక్కించారేమోనని పారేశాం. సరైన పనేనా?
(ఒక గృహిణి)

పారేయకుండా ఉండాల్సింది. తుమకూరు జిల్లా చేలూరు దగ్గర ఒక రైతు తోటలోని చెట్టుకు ఇలాంటి ఎర్ర తొనలే కాస్తాయి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఆ రకాన్ని గుర్తించి, «సిద్దు» అనే పేరుతో 2017లో ఆ రైతుతోనే ఒప్పందం చేసుకుని అంటు మొక్కలు అమ్మించింది. ఎరుపు లైకోపీన్‌ది, టమోటాలో ఉండేదే. మామూలు పనసలో 100 గ్రాములకు 0.2 మి.గ్రా. ఉంటే దీనిలో 2 మి.గ్రా. దాకా ఉంది. పనస పడమటి కనుమల వానల అడవుల్లో పుట్టిన చెట్టు. వేల ఏళ్లుగా మనుషులు గింజ నాటి పెంచుతూ వచ్చారు కాబట్టి ఒక్కో చెట్టుదీ ఒక్కో రంగు, ఒక్కో రుచి. లైకోపీన్ కొవ్వుతో కలిస్తేనే బాగా ఒంటికి పడుతుంది. భోజనం చేసిన కాసేపటికి నాలుగైదు తొనలు తినండి.

హిందూపురం మార్కెట్‌కు వచ్చే చింతపండు గింజ తీసే పని చేస్తాం. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు. పిల్లల పళ్ల మీద పసుపు మచ్చలు. చింతపండు ఎక్కువ తింటే ఫ్లోరైడు బయటికి పోతుందంటున్నారు. మాకు చింతపండుకు కొదవ లేదు. నిజమైతే రోజూ ఇస్తాం.
(ఒక తల్లి)

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది మీదేనమ్మా. ఆ మాట వెనుక నిజమైన పరిశోధన ఉంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే చేశారు, 2002లో అచ్చయింది. 18 మంది బడిపిల్లలకు 18 రోజుల పాటు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి మూత్రం పరీక్షించారు. చింతపండు లేనప్పుడు రోజుకు 3.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు బయటికి పోతుంటే, ఇచ్చినప్పుడు 4.8 మిల్లీగ్రాములు పోయింది.

10 గ్రాములంటే ఉసిరికాయంత ముద్ద కూడా కాదు. సంగటిలోకి పులుసు, చారు చేసుకునే ఇంట్లో ఆ మాత్రం రోజూ పడుతూనే ఉంటుంది. కాబట్టి పిల్లలకు విడిగా తినిపించే పని లేదు. ఆ పరిశోధనలోనే తేలిన ఇంకో సంగతి ఉంది. దాన్ని ఎవరూ చెప్పడం లేదు. చింతపండు తిన్న రోజుల్లో మూత్రంలో జింకు, మెగ్నీషియం పోవడం తగ్గింది. అంటే అది ఒక్క ఫ్లోరైడునే కాదు, ఇతర ఖనిజాల రాకపోకలనూ మారుస్తుంది. అందుకే మోతాదు మీరితే మేలని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా చింతపండు గుజ్జులో పదోవంతు అటూఇటూగా టార్టారిక్ ఆమ్లమే. రోజంతా చప్పరిస్తే, అప్పటికే ఫ్లోరైడుతో దెబ్బతిన్న పంటి పింగాణీ ఇంకా అరుగుతుంది. గింజ తీస్తూ తీస్తూ నోట్లో వేసుకునే అలవాటు మీకూ పిల్లలకూ ఉంటే మానండి. తిన్నాక నీళ్లతో పుక్కిలించండి.

చింతపండు కొంత ఫ్లోరైడును బయటికి పంపగలదు కానీ, ఎముకలో చేరిపోయినదాన్ని కరిగిస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు. బిందెతో ఇంట్లోకి వచ్చే నీళ్లే మారాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. మరగబెడితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చాలామంది తల్లులు పిల్లల కోసం శ్రద్ధగా మరగబెట్టి ఇస్తున్నారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. సత్యసాయి తాగునీటి పథకం కుళాయి ఊళ్లో ఉంటే తాగడానికీ వంటకూ ఆ నీళ్లే పట్టండి, లేదంటే ఆర్వో ప్లాంటు నీళ్లు. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడు హాని ఎక్కువ. రాగి ముద్ద, పాలు, మజ్జిగ పిల్లలకు తప్పనిసరి. 100 గ్రాముల రాగుల్లో 340 మి.గ్రా. పైగా కాల్షియం ఉంది. మీ ఇంటి ముద్దకు మించిన మందు ఈ విషయంలో నా దగ్గర లేదు.

కలేకాయలు తింటే రక్తం పడుతుందని గర్భిణులకు చెప్పవచ్చా? ఇనుము మాత్రలు వేసుకోమంటే కడుపులో తిప్పుతుందని పారేస్తున్నారు.
(సోమందేపల్లి అంగన్‌వాడీ టీచరు)

కలేకాయ, అంటే వాక్కాయ, మంచి కాయ. కానీ మాత్రకు బదులు కాదు. పాత పోషకాహార పట్టికలో ఎండు కలేకాయకు 100 గ్రాములకు 39 మి.గ్రా. ఇనుము అని ఉంది, ఆ అంకె చూసే ఈ ప్రచారం. ఎండినది కాబట్టి నీరు పోయి అంకె పెరిగింది. ఎండుకాయ 100 గ్రాములు ఎవరూ తినరు. తిన్నా మొక్కల ఇనుములో ఒంటికి పట్టేది కొంచెమే. గర్భిణికి ఇచ్చే ఒక్క మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, 180 రోజులు వేసుకోవాలి.

మీరు చెప్పాల్సింది ఇది: కలేకాయ పప్పు వండుకోండి, ఉసిరి పచ్చడి పెట్టుకోండి. ఆ పులుపూ విటమిన్ సీ కలిసి పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టిస్తాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని టానిన్లు ఆ మేలును తుడిచేస్తాయి. గంట ఆగాలి. మాత్ర కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత, పడుకోబోయే ముందు వేసుకోమనండి. మలం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పండి. ఆ నలుపు చూసే సగం మంది మానేస్తారు.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. కీమో రెండుసార్లు ఇచ్చారు. లక్ష్మణఫలం కీమో కంటే 10 వేల రెట్లు బలమైనదని, ఆకుల కషాయం రోజూ తాగిస్తే చాలని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు.
(పెనుకొండ నుంచి ఒక కూతురు)

తాగించొద్దమ్మా. కీమో ఆపొద్దు.

లక్ష్మణఫలం సీతాఫలం కుటుంబంలోదే. దక్షిణ, మధ్య అమెరికా ఉష్ణమండల అడవుల చెట్టు. దాని ఆకుల్లో, గింజల్లో, గుజ్జులో అనొనాసిన్ అనే పదార్థం ఉంది. అది కణంలో శక్తి తయారయ్యే యంత్రాంగాన్ని అడ్డుకుంటుంది. గాజుపళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలు దానికి చచ్చాయి. «10 వేల రెట్లు» అనే మాట అలాంటి ప్రయోగం నుంచి పుట్టింది. అయితే ఆ పదార్థం క్యాన్సర్ కణానికీ నరాల కణానికీ తేడా చూడదు. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో మందులకు లొంగని ఒక రకం పార్కిన్సన్స్ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంటే డాక్టర్లు ఆరా తీశారు. ఆ రోగుల్లో ఈ పండు, ఆకు కషాయం అలవాటున్నవాళ్లు ఎక్కువని 1999లో ప్రకటించారు. ఇక మనుషుల్లో ఈ పండుతో క్యాన్సర్ నయమైందని చూపిన పరీక్ష ఒక్కటీ లేదు.

మీ బంధువులు ప్రేమతోనే చెబుతున్నారు. వాళ్లతో వాదించే శక్తి మీకు లేకపోతే ఈ జవాబు చదివి వినిపించండి. అమ్మకు నోరు పూసి తినలేకపోతుంటే మెత్తని అరటి, సపోటా, బాగా మాగిన సీతాఫలం గుజ్జు చల్లగా పెట్టండి. తెల్లకణాలు తగ్గాయని డాక్టరు చెప్పిన రోజుల్లో తోలు తీసి తినగలిగే పండ్లే ఇవ్వండి, బాగా కడిగి, ఇంట్లోనే కోసి. బయట కోసి పెట్టిన ముక్కలు వద్దు. ఖర్చు విషయంలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి.

మా నాయన డయాలసిస్ మీద ఉన్నారు. బెంగళూరు నుంచి స్టార్ ఫ్రూట్ తెచ్చాం. ఒక ముక్క ఇవ్వవచ్చా?
(గోరంట్ల)

ఒక్క ముక్క కూడా వద్దు. ఆగ్నేయాసియా అడవుల నుంచి వచ్చిన ఆ పండులో కారంబాక్సిన్ అనే విషం ఉంటుంది. బ్రెజిల్‌లో సావ్ పావ్లో విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో దాన్ని గుర్తించారు. మంచి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. చెడినవి పంపలేవు, అది మెదడుకు చేరుతుంది. ముందు ఆగని ఎక్కిళ్లు, ఆ తర్వాత తికమక, మూర్ఛ. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఇప్పటికే ఇచ్చి ఉండి ఎక్కిళ్లు మొదలైతే వెంటనే డయాలసిస్ కేంద్రానికి తీసుకెళ్లి పండు తిన్న సంగతి చెప్పండి. మూత్రపిండాలు బాగున్నవాళ్లు కూడా దీని రసం గ్లాసుల కొద్దీ పరగడుపున తాగకూడదు.

సీతాఫలం గింజలు నూరి తలకు పట్టిస్తే పేలు పోతాయి కదా?
(ధర్మవరం, బడి పిల్ల తల్లి)

పేలు చస్తాయి. పిల్ల కన్ను కూడా పోవచ్చు. ఆ గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది. తల కడిగేటప్పుడు నురగతో పాటు కంట్లోకి దిగడం ఎంతసేపు? అలా జరిగితే కంటిని ధారగా పారే నీళ్లతో కనీసం పావుగంట కడిగి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పేలకు పెర్మెత్రిన్ లోషన్ మందుల షాపులో దొరుకుతుంది. తడి తలకు సన్నదువ్వెన వారం పది రోజులు దువ్వండి. గుజ్జు మాత్రం హాయిగా తినండి, గింజ కొరక్కుండా.

రొద్దం దగ్గర మెట్ట పొలం. గట్ల మీద ఇంటికి పనికొచ్చే పండ్ల చెట్లు పెట్టాలని ఉంది. ఏవి?
(ఒక రైతు)

పోషకాలను బట్టి చెప్పమంటే ఉసిరి, నేరేడు, చింత, సీతాఫలం, గట్టు చివర కంచెగా కలేకాయ. ఉసిరి ఒకే రకం పెడితే కాపు సరిగా నిలవదు, తన పుప్పొడి తనకు పట్టదు. ఎన్ఏ-7తో పాటు కృష్ణ, కంచన్ లాంటి ఇంకో రకం కలపాలి. గింజ నేరేడు కాపుకు చాలా ఏళ్లు పడుతుంది, అంటు మొక్కే తీసుకోండి. చింతలో అనంతపురం దగ్గరి రేకులకుంట ఉద్యాన పరిశోధన స్థానం వారి అనంత రుధిర రకం గురించి అడగండి. ఆ కాయ విరిస్తే లోపల గుజ్జు నెత్తురు రంగులో ఉంటుంది. ఆ ఎరుపూ ఆంథోసయనిన్లదే. ఎర్రమంచి అబ్బాయి డబ్బాలో కొనాలనుకున్న పదార్థం మీ గట్టు మీద కాస్తుంది. గుంతలు ఎండాకాలంలోనే తీసి పెట్టుకుని, తొలకరి వానలు పడి నేల లోపలి దాకా తడిశాక నాటండి. మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం బిందెతోనైనా నీళ్లు పోయాల్సిందే.